బండి ఆపారు సరే, ఆ తర్వాత? సిరోంచ సరిహద్దులో తనిఖీలు, పౌరహక్కులు

కాళేశ్వరం దగ్గర గోదావరి వంతెన దాటి సిరోంచ వైపు దిగే బైకును ఆపడానికి పోలీసులకు ఒకటి కాదు, నాలుగైదు కారణాలుంటాయి. హెల్మెట్, కాగితాలు మామూలే. సిరోంచ ఉన్న మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలో 1993 నుంచి మద్యనిషేధం ఉంది కాబట్టి తెలంగాణ ఒడ్డు నుంచి సీసాలు వస్తున్నాయేమో చూడాలి. గంజాయి ఉందేమో చూడాలి. దశాబ్దాలుగా మావోయిస్టు ప్రాంతమన్న పేరుంది కాబట్టి మనిషెవరో చూడాలి. ఎన్నికలొస్తే నగదు కూడా చూడాలి. ఆగినవాడికి మాత్రం ఇవన్నీ కలిసి ఒకటే మాట: చెకింగ్. లైసెన్స్ చూపించమన్నవాళ్లే సంచి విప్పమంటారు, సంచి విప్పించినవాళ్లే జేబులు తడుముతారు, ఆఖరికి ఫోన్ ఇలా ఇవ్వమంటారు. ఆపే అధికారం ఉన్నవాళ్లకు ఇవన్నీ చేసే అధికారం కూడా ఉంటుందనుకుని మనం ఇచ్చేస్తాం.

చట్టం అలా లేదు. బండి ఆపే అధికారం చాలా విశాలమైనది, దానితో పేచీ పెట్టుకుని లాభం లేదు. కానీ ఆపిన తర్వాత వేసే ఒక్కో అడుగుకూ ఒక్కో చట్టం, ఒక్కో షరతు ఉన్నాయి. మొదటి అడుగుకు ఉన్న అనుమతి రెండో అడుగుకు చెల్లదు. సరిహద్దు తనిఖీల్లో పౌరహక్కులు జారిపోయేది బండి ఆగిన చోట కాదు, ఈ అడుగులు ఒకదాన్లో ఒకటి కలిసిపోయే చోట.

సిరోంచ తాలూకాను ఎంచుకోవడానికి కారణం ఉంది. ప్రాణహిత గోదావరిలో కలిసే చోటు అది. నిజామాబాద్ నుంచి జగదల్‌పూర్ పోయే 63వ నంబరు జాతీయ రహదారి, గడ్చిరోలి నుంచి కాళేశ్వరం మీదుగా పరకాల వైపు దిగే 353సీ అక్కడే కలుస్తాయి. ఒక పక్క తెలంగాణ, మరో పక్క ఛత్తీస్‌గఢ్. ఊళ్లో మాట తెలుగు, ఆఫీసు కాగితం మరాఠీ. చుట్టరికాలు చెన్నూరులో, మహదేవపూర్‌లో. జిల్లా కేంద్రం కంటే భూపాలపల్లి, మంచిర్యాల దగ్గర. బస్సు కోసం కూర్చుంటే పని కాదు, కాబట్టి ఆసుపత్రికైనా పెళ్లికైనా బైకే. ఎంహెచ్ 33 బండి నది దాటితే పరాయి బండి, టీఎస్ బండి ఇటొస్తే పరాయి బండి. నంబరు ప్లేటే ముందు మాట్లాడుతుంది.

ఇక ఆపడం సంగతి. మోటారు వాహనాల చట్టం (1988) లోని 119వ సెక్షన్ ప్రకారం రోడ్డు మీద రాకపోకలు నియంత్రించే పోలీసు చెప్పినట్టు డ్రైవరు నడుచుకోవాలి. 130వ సెక్షన్ ప్రకారం యూనిఫాంలో ఉన్న ఏ పోలీసు అడిగినా లైసెన్స్ చూపించాలి. ఏ పోలీసైనా అంటే కానిస్టేబుల్ కూడా. 'ఎస్ఐ కంటే కింది స్థాయి వాళ్లకు బండి ఆపే హక్కు లేదు, 132వ సెక్షన్ చదవండి' అని వాట్సాప్‌లో తిరిగే సలహాను నమ్మి వాదనకు దిగితే నష్టపోయేది మనమే. 132లో ఎస్ఐ ప్రస్తావన ఉన్న మాట నిజమే గాని, అది ప్రమాదం జరిగినప్పుడు బండిని అక్కడే నిలిపి ఉంచే సందర్భానికి రాసింది. మామూలు తనిఖీకి దానితో పని లేదు.

యూనిఫాం అన్న మాట మాత్రం గట్టిగా పట్టుకోవాల్సింది. టీ షర్టు వేసుకుని, కర్ర పట్టుకుని రోడ్డు మధ్యలో నిలబడ్డ మనిషికి లైసెన్స్ అడిగే అధికారం ఈ సెక్షన్ ఇవ్వదు. ఆర్‌సీ, బీమా, పొల్యూషన్ సర్టిఫికెట్ అడగడం 158వ సెక్షన్ కింద, రాష్ట్ర ప్రభుత్వం అధికారం ఇచ్చిన యూనిఫాం పోలీసు పని. ఇవన్నీ బండి నడిపేవాళ్ల బాధ్యత. వెనక కూర్చున్న ఇల్లాలు గాని, ముసలి తండ్రి గాని లైసెన్స్ చూపించనక్కర్లేదు. ఆధార్ కార్డు ఈ జాబితాలో ఎక్కడా లేదు, అయినా దాదాపు ప్రతి భద్రతా తనిఖీలోనూ ముందుగా అడిగేది అదే.

మరి కార్లను పోనిచ్చి బైకులనే ఎందుకు ఆపుతారు? దీనికి ఒక మంచి జవాబూ ఉంది, ఒక చెడ్డ జవాబూ ఉంది. మంచిది ఇది: 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది పోయారు. అందులో 44.5 శాతం ద్విచక్ర వాహనాల మీద ఉన్నవాళ్లు. హెల్మెట్ లేక చనిపోయినవాళ్లే 50,029 మంది, వాళ్లలో 14,337 మంది వెనక కూర్చున్నవాళ్లు. ఇంత మంది చచ్చిపోతుంటే హెల్మెట్ కోసం బైకులను ఆపడం వివక్ష అనడం నాకు సబబుగా తోచదు. హెల్మెట్ పెట్టుకోవాల్సింది బైకు మీదే కదా.

చెడ్డ జవాబు ఎవరూ పైకి చెప్పరు. బైకును ఆపడం తేలిక. దానికి అద్దాలు ఉండవు, ఏసీ ఉండదు, లోపల కూర్చుని ఎవరికో ఫోన్ కలిపే పెద్దమనిషి ఉండడు. రోజు కేసుల సంఖ్య నింపాలంటే బైకు కంటే సులువైన లెక్క లేదు. సీసాలో, గంజాయో వెతకాలన్నప్పుడు ఈ సులువే అన్యాయమవుతుంది. బైకు సంచిలో పట్టే సరుకు కంటే కారు డిక్కీలో పట్టేది ఎన్నో రెట్లు. సరుకు కోసం అని చెప్పి బైకుల్నే ఆపుతుంటే, అక్కడ వెతుకుతున్నది సరుకును కాదు, ఎదురు మాట్లాడలేని మనిషిని. రాజ్యాంగం 14వ అధికరణం అడిగేది కూడా ఇదే: వేరు చేసి చూడొచ్చు, కానీ ఆ వేరు చేయడానికీ చెప్పిన ఉద్దేశానికీ సంబంధం ఉండాలి.

అమెరికాలో ఈ గొడవ నేరుగా బైకర్ల పేరుతోనే నడిచింది. న్యూయార్క్ రాష్ట్ర పోలీసులు మోటార్‌సైకిళ్లను మాత్రమే ఆపే తనిఖీలు పెడితే, ఫెడరల్ కోర్టులో వేసిన సవాలు ఓడిపోయింది. కానీ చట్టసభలో బైకర్లు గెలిచారు. బైకర్ల కోసమే పెట్టే తనిఖీలకు ఫెడరల్ నిధులు ఇవ్వకూడదని 2015 నాటి ఫాస్ట్ చట్టంలో రాశారు. వాళ్ల సుప్రీంకోర్టు గీసిన గీత ఇంకా ఆసక్తికరం. తాగి నడిపేవాళ్లను పట్టుకోవడానికి అందరినీ ఆపే తనిఖీ చెల్లుతుందని 1990లో చెప్పింది. మాదకద్రవ్యాల కోసం అలాంటిదే ఇండియానాపొలిస్‌లో పెడితే 2000లో చెల్లదంది. రోడ్డు మీద అప్పటికప్పుడు ప్రాణం తీసే ప్రమాదాన్ని ఆపడం వేరు, నేరం దొరుకుతుందేమోనని అందరి మీదా వల వేయడం వేరు అన్నది ఆ తేడా. ఆ తీర్పులు మనకు వర్తించవు, ఆ తేడా మాత్రం సిరోంచలోనూ పనికొస్తుంది.

మన చట్టంలో నాకాబందీ, అంటే రోడ్డుకు అడ్డం పెట్టి చేసే తనిఖీ, అన్న మాటకు నిర్వచనం లేదు. ఎక్కడ పెట్టాలి, ఎంతసేపు ఉంచాలి, ఎవరి రాతపూర్వక ఆదేశం కావాలి అని మోటారు వాహనాల చట్టం చెప్పదు. పైగా 2024 జూలై 1 నుంచి పాత సీఆర్‌పీసీ స్థానంలో అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 172వ సెక్షన్‌తో తలుపు ఇంకాస్త బార్లా తెరుచుకుంది. నేరాలను నివారించే విధిలో ఉన్న పోలీసు ఇచ్చే చట్టబద్ధమైన ఆదేశాన్ని పాటించాలి, ఎదిరిస్తే అదుపులోకి తీసుకోవచ్చు, చిన్న విషయమైతే 24 గంటల్లోపు వదిలేయాలి అంటుంది. 'చట్టబద్ధమైన' అన్న ఒక్క విశేషణం మీదే మన రక్షణంతా నిలబడి ఉంది. ఆ ఆదేశం చట్టబద్ధమో కాదో తేలేది కోర్టులో. ఆ పూట మాత్రం స్టేషన్‌లోనే గడుస్తుంది.

జరిమానాల దగ్గర నది రెండు ఒడ్డులకూ రెండు లెక్కలు. 2019 సవరణతో హెల్మెట్ లేకపోతే 1,000 రూపాయలు, మూడు నెలల లైసెన్స్ రద్దు అని 194డీ సెక్షన్‌లో చేరింది. బైకు మీద ముగ్గురెక్కితే 194సీ కింద అదే శిక్ష. బీమా లేకపోతే మొదటిసారి 2,000, లైసెన్స్ లేకపోతే 5,000. అయితే 200వ సెక్షన్ కింద కోర్టుకు పోకుండా అక్కడికక్కడ తేల్చుకునే మొత్తాన్ని నిర్ణయించేది రాష్ట్రం. ఒడిశా 2019 సెప్టెంబరులోనే దిగి, భువనేశ్వర్‌లో ఒక ఆటో డ్రైవరుకు 47,500 రూపాయలు వేసి దేశమంతా చెప్పుకునేలా చేసింది. కొత్త రేట్లు ఇప్పట్లో వద్దన్న రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. హైదరాబాద్‌లో హెల్మెట్ చలానా ఏళ్ల తరబడి 135 రూపాయలే ఉండేది. మహారాష్ట్ర 2021 డిసెంబరు దాకా ఆగింది. అందుకే చెన్నూరు బావమరిది చెప్పిన రేటు సిరోంచలో పనిచేయదు. అదే చట్టంలో 210బీ అని ఒకటుంది, దాని గురించి ఎందుకో ఎవరూ ప్రచారం చేయరు: చట్టాన్ని అమలు చేసే అధికారే ఆ తప్పు చేస్తే శిక్ష రెండింతలు.

కాగితాల్లో సరిహద్దు వాళ్లకు అసలు చిక్కు సెకండ్ హ్యాండ్ బండ్లతో వస్తుంది. మంచిర్యాలలో కొన్న పాత బండిని సిరోంచలో ఏడాదికి మించి ఉంచుకుంటే, 47వ సెక్షన్ ప్రకారం మహారాష్ట్ర నంబరు వేయించుకోవాలి, దానికి మొదటి రాష్ట్రం నుంచి అభ్యంతరం లేదన్న పత్రం (ఎన్‌ఓసీ) తేవాలి. చాలా బండ్లు ఇంకా మొదటి యజమాని పేరు మీదే తిరుగుతుంటాయి. తనిఖీలో ఆర్‌సీ మీద ఒక పేరు, లైసెన్స్ మీద ఒక పేరు కనపడగానే దొంగబండి అనే అనుమానం మొదలవుతుంది, దాన్ని పూర్తిగా పోలీసుల తప్పనలేం. డిజీలాకర్‌లో, ఎం పరివాహన్‌లో ఉన్న కాగితాలు మాత్రం అసలుతో సమానం. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 139వ నిబంధనను 2018లో మార్చి ఎలక్ట్రానిక్ రూపాన్ని చేర్చారు. ఫోన్‌లో తీసుకున్న ఫొటోకు ఆ విలువ లేదు.

నోట్లో పైపు పెట్టి ఊదమనడం చాలామంది అనుకున్నంత సాదాసీదా పని కాదు. 203వ సెక్షన్ ప్రకారం తాగి నడుపుతున్నాడని అనుమానించడానికి సహేతుకమైన కారణం ఉన్నప్పుడే శ్వాస పరీక్ష అడగాలి. వాసన రావడం, బండి వంకరటింకరగా పోవడం, మాట తడబడటం అలాంటి కారణాలు. వరసపెట్టి అందరి చేతా ఊదించే పద్ధతి ఈ వాక్యంలో సరిగ్గా ఇమడదు. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే నేరం, మొదటిసారి 10,000 రూపాయల జరిమానా గాని, ఆరు నెలల దాకా జైలు గాని, రెండూ గాని. తాగి నడిపినవాడి బండిని పోలీసులు స్వాధీనం చేసుకోకూడదని, తాగని మనిషి ఎవరైనా లైసెన్స్‌తో వస్తే అప్పగించాలని తెలంగాణ హైకోర్టు 2021 నవంబరులో చెప్పింది. ఆ తీర్పు వంతెన మధ్యదాకానే కట్టుబాటు. అవతల ఉదాహరణగా చూపించుకోవచ్చు, అంతే.

వంతెన మధ్య గీత మద్యం విషయంలో ఇంకా కరకుగా పనిచేస్తుంది. కాళేశ్వరం వైపు దుకాణంలో బిల్లు ఇచ్చి అమ్మిన సీసా, వంతెన సగం దాటేసరికి మహారాష్ట్ర మద్యనిషేధ చట్టం (1949) కింద కేసు. ఆ చట్టం వాహనాలను ఆపి సోదా చేసే అధికారం ఇస్తుంది, సీసాను మోసిన వాహనాన్ని జప్తు చేసే వీలూ ఇస్తుంది. చంద్రపూర్ జిల్లాలో 2015లో పెట్టిన నిషేధాన్ని 2021లో ఎత్తేశారు, గడ్చిరోలిలో కొనసాగుతోంది. దీన్ని కోరుకున్నది ఎక్కువగా ఆడవాళ్లేనని, ప్రజా ఉద్యమంతో వచ్చిందని మరిచిపోకూడదు. కాబట్టి సీసాల కోసం వెతకడమే తప్పు అనను. ఒక క్వార్టర్ సీసాకు అన్నగారి బండి పోవడం మాత్రం శిక్షకు మించిన శిక్ష.

గంజాయి దగ్గరికొస్తే చట్టం ఒక్కసారిగా బరువెక్కుతుంది. ఒడిశాలోని మల్కనగిరి, కొరాపుట్ కొండల నుంచి మహారాష్ట్రకు పోయే సరుకు ఈ దారుల్లో పట్టుబడుతూనే ఉంటుంది. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం 43వ సెక్షన్ కింద, నేరం చేశాడని నమ్మడానికి కారణం ఉంటే, బహిరంగ స్థలంలో మనిషిని ఆపి సోదా చేయొచ్చు. కిలో దాకా చిన్న పరిమాణం, 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం. వాణిజ్య పరిమాణమైతే కనీసం పదేళ్లు, బెయిలు దాదాపు అసాధ్యం. ఇంత కఠినం కాబట్టే 50వ సెక్షన్‌లో ఒక కాపుదల పెట్టారు. ఒంటి మీద సోదా చేసే ముందు, గెజిటెడ్ అధికారి ముందు గాని మేజిస్ట్రేట్ ముందు గాని సోదా చేయించుకునే హక్కు నీకుందని ఆ మనిషికి చెప్పాలి. మాటవరసకు చెప్పడం చాలదని, దీన్ని కచ్చితంగా పాటించాలని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2010లో విజయ్‌సింగ్ చందూభా జడేజా కేసులో తేల్చింది. అయితే ఈ కాపుదల ఒంటికే గాని, సంచికి గాని బండికి గాని కాదని 2005లోనే చెప్పేసింది. బైకు మీద పోయేవాడి ప్రపంచమంతా సంచిలోనే ఉంటుందన్న సంగతి ఆ తేడా గీసినప్పుడు ఎవరి మనసులోనూ లేనట్టుంది. ఆడవాళ్ల ఒంటి సోదా ఆడవాళ్లే చేయాలన్న నియమానికి మాత్రం ఏ సందర్భంలోనూ మినహాయింపు లేదు.

ఫోన్ సంగతి చెప్పాలి. 2021 అక్టోబరులో హైదరాబాద్ రోడ్ల మీద బైకులు ఆపి, కుర్రాళ్ల ఫోన్లు తీసుకుని వాట్సాప్‌లో గంజాయి అన్న మాట వెతికిన సంగతి పత్రికల్లో, వీడియోల్లో వచ్చింది. రోడ్డు మీద ఆపిన మనిషి ఫోన్ తెరిపించే అధికారం మోటారు వాహనాల చట్టంలో లేదు. గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం పుట్టస్వామి కేసులో చెప్పాక, ప్రభుత్వం చేసే ప్రతి చొరబాటుకూ ఒక చట్టం, ఒక న్యాయమైన ఉద్దేశం, ఆ ఉద్దేశానికి తగినంత మేరకే జోక్యం ఉండాలి. కేసు లేదు, నోటీసు లేదు, అనుమానానికి కారణం లేదు. అప్పుడు ఫోన్ అడిగితే 'ఇష్టపడి ఇచ్చాడు' అన్నదొక్కటే మిగులుతుంది. లాఠీ పట్టుకున్న ముగ్గురి మధ్య నిలబడి ఇచ్చినదాన్ని ఇష్టం అనొచ్చునా?

బండి తీసుకుపోతే ముందు తెలుసుకోవాల్సింది ఏ దారిలో తీసుకున్నారని. లైసెన్స్ లేకపోవడం, నడిపేవాడికి వయసు చాలకపోవడం, రిజిస్ట్రేషన్ లేకపోవడం లాంటి కొన్నింటికే 207వ సెక్షన్ బండిని నిలిపివేయనిస్తుంది. హెల్మెట్ లేకపోవడం ఆ జాబితాలో లేదు, ముగ్గురెక్కడమూ లేదు. 207 కింద పోయిన బండి కాగితాలు చూపిస్తే వస్తుంది. రెండో దారి, నేరంలో సాక్ష్యంగా సురక్షా సంహిత 106వ సెక్షన్ కింద స్వాధీనం. అది కోర్టు ద్వారానే బయటికొస్తుంది. స్టేషన్ ఆవరణలో బండ్లు తుప్పు పట్టేదాకా ఉంచొద్దని సుప్రీంకోర్టు 2002లో సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో గట్టిగా చెప్పింది. మూడోది జప్తు, మద్యం కేసుల్లో, గంజాయి కేసుల్లో. మాదకద్రవ్యాల కేసులో కూడా విచారణ సాగుతుండగా బండిని తాత్కాలికంగా విడిపించుకోవచ్చని 2025 జనవరిలో విశ్వజిత్ దేయ్ కేసులో అదే కోర్టు అంది. సోదాను, స్వాధీనాన్ని ఆడియో వీడియో రికార్డు చేయాలని 105వ సెక్షన్ ఇప్పుడు పోలీసులనే ఆదేశిస్తోంది. కాబట్టి రికార్డింగ్ ఏదని అడగడంలో తలబిరుసుతనం ఏమీ లేదు.

తెలుగునాట పౌరహక్కుల ఉద్యమం కన్నబిరాన్, బాలగోపాల్ లాంటివాళ్ల చేతుల్లో ఎన్‌కౌంటర్లను, లాకప్ చావులను ప్రశ్నిస్తూ ఎదిగింది. ఆ చావుబతుకుల ప్రశ్నల పక్కన రోడ్డు తనిఖీ చిన్న విషయంగా కనపడటం సహజమే. కానీ సిరోంచ పరిసరాల్లో చాలామందికి రాజ్యం రోజూ ఎదురయ్యేది ఆ తనిఖీలోనే. అడవిలోంచి వచ్చే బైకును ఆపి పేరు, ఊరు, ఎవరి ఇంటికి అని అడగడానికి ఇన్నాళ్లూ చెప్పిన కారణం మావోయిస్టులు. 2025 అక్టోబరులో పెద్దపల్లికి చెందిన మావోయిస్టు అగ్రనేత మల్లోజుల వేణుగోపాలరావు మరో 60 మందితో గడ్చిరోలిలో మహారాష్ట్ర ముఖ్యమంత్రి ముందు లొంగిపోయారు. ముప్పు తగ్గిందని ప్రభుత్వమే చెబుతోంది. అలాంటప్పుడు ఆ ముప్పు పేరుతో పెరిగిన ప్రశ్నల పట్టిక కూడా తగ్గాలి. అది దానంతటదే తగ్గుతుందన్న నమ్మకం నాకు లేదు. ఒక కారణం పోతే తనిఖీ కేంద్రానికి ఇంకో కారణం దొరుకుతుంది.

ఎన్నికల తనిఖీలకు కాస్త మెరుగైన పద్ధతి ఉంది. స్థిర నిఘా బృందంలో ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్ ఉంటారు, వీడియో తీస్తారు, పట్టుకున్న నగదు మీద ఫిర్యాదు వినడానికి జిల్లాలో కమిటీ ఉంటుంది. ఈ మాత్రం ఏర్పాటు మామూలు రోజుల్లో ఎందుకు కుదరదో ఎవరైనా చెప్పాలి.

సిరోంచ తెలుగువాళ్లకు వీటన్నిటికంటే దగ్గరగా తగిలేది భాష. పంచనామా మరాఠీలో రాస్తారు, సంతకం పెట్టమంటారు. పెట్టినవాడికి అందులో ఏముందో తెలియదు, సంచిలో దొరికిందెంతో, ఎక్కడ దొరికిందో రాసింది అదే కాగితంలో. మహారాష్ట్రకే సంబంధించిన మిహిర్ రాజేశ్ షా కేసులో 2025 నవంబరు 6న సుప్రీంకోర్టు, ఏ నేరమైనా సరే, అరెస్టు కారణాలను ఆ మనిషికి అర్థమయ్యే భాషలో రాతపూర్వకంగా ఇవ్వాలని తీర్పిచ్చింది. అప్పటికప్పుడు రాసివ్వడం కుదరకపోతే నోటితో చెప్పి, రిమాండ్ కోసం మేజిస్ట్రేట్ ముందుకు తీసుకెళ్లడానికి కనీసం రెండు గంటల ముందు కాగితం చేతికివ్వాలి, లేకపోతే అరెస్టే చెల్లదు. తీర్పు అరెస్టు గురించే, పంచనామా గురించి కాదు. అయినా తెలుగులో చదివి వినిపించేదాకా సంతకం పెట్టనని చెప్పడానికీ, పెట్టాల్సి వస్తే 'నాకు మరాఠీ చదవడం రాదు' అని పక్కనే తెలుగులో రాసి పెట్టడానికీ ఏ చట్టమూ అడ్డు రాదు. రిమాండ్ రోజున వకీలు మొదట వెతికేది ఆ ఒక్క వరసనే.